చేంజింగ్ రూమ్ తలుపుకు లోపలి గొళ్లెం

రెండు వేల మూడో సంవత్సరం వేసవి. నాందేడ్‌లో స్టేడియం వెనక ఉన్న ఈతకొలనులో ఆడవాళ్లకు వేరుగా ఒక బ్యాచ్ మొదలుపెట్టారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు. ఆ ఎండలో మగవాళ్లెవరూ రారు కాబట్టి ఆ వేళ మాకు మిగిలింది. బి.ఏ. అయిపోయి ఇంట్లో కూర్చున్న నన్ను ఆ బ్యాచ్‌కు అటెండెంట్‌గా తీసుకున్నారు. వర్షాలు పడేదాకా మాత్రమే ఉండే ఉద్యోగం.

ఏం పని అని అడిగినవాళ్లకు చెప్పడం కష్టమయ్యేది. చేంజింగ్ రూమ్ చూసుకుంటానంటే రెడీమేడ్ దుకాణంలో ట్రయల్ రూమ్ దగ్గర నిలబడతాననుకునేవాళ్లు. మా నాన్న మాత్రం చుట్టాలకు "స్టేడియం ఆఫీసుల చేస్తది" అని చెప్పేవాడు. ఆఫీసు గోడకు ఇవతలే నా బల్ల ఉండేది కనుక నేను దిద్దలేదు. దిద్దేంత గొంతు కూడా నాకు లేదు.

ఆటస్థలాల్లో బట్టలు మార్చుకునే గదికి ఎన్ని పేర్లున్నాయో ఆ ఉద్యోగంలోనే తెలిసింది. మా స్టేడియంలో క్రికెట్ పిల్లలకు అది డ్రెస్సింగ్ రూమ్. అక్కడ బట్టలు మార్చుకోవడం తక్కువ, ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం కూర్చోవడం ఎక్కువ. ముసలి చప్రాసీ ఒకాయన అదే గదిని పెవిలియన్ అనేవాడు. నేను లైబ్రరీ నుంచి తెచ్చుకునే ఇంగ్లిష్ నవలల్లో లాకర్ రూమ్ అని వచ్చేది. ఓడిన జట్టు అక్కడే ఏడ్చేది, కోచ్ అక్కడే తిట్టేవాడు. మా లాకర్లేమో సగం గడియలూడిన ఇనప డబ్బాలు. వాటి ముందు ఎవరైనా ఏడుస్తారని ఊహించుకోలేకపోయేదాన్ని. దెగ్లూర్ వైపు ఊళ్ల నుంచి కబడ్డీ ఆడడానికి వచ్చే ఆడపిల్లలకైతే ఏ గదీ లేదు, ఏ పేరూ లేదు. నలుగురు చుట్టూ నిలబడి చద్దరు పట్టుకుంటే మధ్యలో ఒకమ్మాయి మార్చుకునేది. తర్వాత ఆమె వచ్చి అంచు పట్టుకుంటే ఇంకో అమ్మాయి లోపలికి వెళ్లేది.

ఈతకొలను దగ్గర మాత్రం బోర్డు మీద చేంజింగ్ రూమ్ అనే రాసి ఉండేది. దానికి అర్థమేమిటో మా కోచ్ మేడమ్ మొదటి రోజే మరాఠీలో చెప్పింది. చేంజింగ్ రూమ్ అంటే రస్తా, ఇల్లు కాదు. ఈ తలుపున వచ్చి ఆ తలుపున నీళ్లలోకి పోవాలి. ఎవరూ అక్కడ ఆగకుండా చూడడమే నీ పని.

ఆ పని పైకి కనిపించినంత తేలిక కాదు. వచ్చిన ప్రతి మనిషికీ ఇత్తడి టోకెన్ ఇవ్వాలి. చెప్పులు బయట విప్పించాలి. ఫుట్ బాత్‌లో, అంటే కొలనుకు పోయే దారిలో మందు కలిపిన నీళ్ల గుంటలో, కాళ్లు ముంచేట్టు చూడాలి. కాస్ట్యూమ్ నైలాన్‌దో కాదో చూడాలి. నూలు బట్టలతో దిగితే దారాలూడి ఫిల్టర్‌లో చుట్టుకుంటాయి. ఫిల్టర్ ఆగితే నీళ్లు పచ్చబడతాయి. ఇది రోజూ కనీసం ఇద్దరికి విడమరిచి చెప్పాల్సి వచ్చేది. ఒకామె నైటీతో దిగుతానని పట్టుబట్టి, ఫిల్టర్ గొప్పదా నా మానం గొప్పదా అని నన్నే నిలదీసింది. తల వంచుకుని నిలబడ్డాను. చివరికి ఆమే విసుక్కుని పక్కింటి కోడలి కాస్ట్యూమ్ తెచ్చుకుంది.

గదిలో ఒక పొడుగు బల్ల, గోడకు కొక్కేలు, రెండు షవర్లు, మూలన మూడు క్యూబికిల్స్ ఉండేవి. క్యూబికిల్ అంటే కప్పు దాకా లేచిన ప్లైవుడ్ గోడల మధ్య ఒక మనిషి కూర్చుని లేచేంత చోటు. తలుపుకు లోపలి నుంచి టవర్ బోల్ట్, అంటే అడ్డంగా జరిపే ఇనప గొళ్లెం. గోదావరి ఘాట్ మీద స్నానాలు చేసి పెరిగిన పెద్దవాళ్లకు గది అవసరమే లేదు. పొడి చీర చెంగు పళ్లతో పట్టుకుని, తడి చీర కిందికి జారవిడిచి, అంత జనంలోనూ ఒళ్లు కనపడకుండా మార్చుకోగలరు. కానీ కాస్ట్యూమ్ అలా వేసుకునే వస్తువు కాదు. అందుకని వాళ్లు కూడా ఆ మూడు తలుపుల ముందే వరుసలో నిలబడేవాళ్లు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. దాటితే నేను కేక వేయాలి. నాకు కేక వేయడం రాదు. టోకెన్ల పెట్టె తాళంచెవితో ఇనప కమ్మీ మీద రెండుసార్లు కొట్టేదాన్ని. మూడు వారాల్లో అందరికీ ఆ చప్పుడు అలవాటైపోయింది. అలవాటయ్యాక ఎవరూ పట్టించుకోలేదు.

గంగామణి వచ్చింది అప్పుడే.

పాత ఊళ్లో, ఘాట్‌కు పోయే సందుల్లో వాళ్లిల్లు. మా వాళ్ల లాగే తాతల కాలంలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. నలభై అయిదు దాటి ఉంటుంది. మొదటి రోజు పెద్దకొడుకు స్కూటర్ మీద తెచ్చి దింపాడు. మోకాళ్లు అరిగాయని, నీళ్లలో నడిస్తే మంచిదని డాక్టర్ చెప్పాడట. కొడుకే పాస్ కట్టాడు, మోకాళ్ల దాకా గౌను ఉన్న నీలం రంగు కాస్ట్యూమ్ కూడా కొన్నాడు. మంచి కొడుకు. వెళ్తూ వెళ్తూ నాతో, "మా అమ్మకు నీళ్లంటె బుగులు. జర చూసుకో చెల్లె," అన్నాడు.

ఆమె టోకెన్ తీసుకుని గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసింది. తర్వాత మూడో క్యూబికిల్‌లోకి వెళ్లి తలుపు వేసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. మళ్లీ తీసి, మళ్లీ వేసింది. సరిగ్గా పడిందో లేదో చూసుకుంటోందనుకున్నాను.

పది నిమిషాలకు కమ్మీ మీద కొట్టాను. ఇంకో పది నిమిషాలకు మళ్లీ కొట్టాను. లోపల చప్పుడు లేదు. తలుపు దగ్గరికి వెళ్లి, "అత్తమ్మా, బాగానే ఉన్నవా?" అని అడిగాను. "ఉన్న బిడ్డా, అస్తున్న," అంది. రాలేదు. అరగంట దాటాక చీరలోనే బయటికి వచ్చింది. నేరుగా షవర్ దగ్గరికి పోయి తల వంచి జుట్టు తడుపుకుంది. సంచిలోంచి కాస్ట్యూమ్ తీసి దాన్నీ కుళాయి కింద తడిపి పిండింది. టోకెన్ నా చేతిలో పెట్టి, పోయొస్తానని చెప్పి వెళ్లిపోయింది.

కొడుకు చెప్పినట్టు నీళ్లంటే భయమే అనుకున్నాను. మొదటి రోజు అలాంటివాళ్లు చాలామంది ఉంటారు. కొందరు కొలను మెట్టు మీద కూర్చుని పాదాలు ముంచి వెళ్లిపోతారు. రెండో రోజూ అదే జరిగింది, మూడో రోజూ అదే. వారం దాటినా ఆమె కొలను వైపు తలుపు తెరిచి కూడా చూడలేదు. మూడో క్యూబికిల్, గొళ్లెం, తర్వాత షవర్ కింద తల, కుళాయి కింద కాస్ట్యూమ్. అంతే.

మూడింటిలో ఒకటి ఎప్పుడూ మూసి ఉంటే మిగతావాళ్లు ఊరుకోరు. ఇద్దరు కూతుళ్లతో వచ్చే ఒక బ్యాంకు మేడమ్ ఉండేది. ఆమె హాస్యంగానే మొదలుపెట్టింది. "మీ అత్తమ్మ లోపలే ఈదుతున్నట్టుంది, ఎంత లోతు?" అని అడిగేది. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. నాలుగు రోజులకు హాస్యం అయిపోయి ఆఫీసులో ఫిర్యాదు అయింది. మేనేజర్ చెడ్డవాడు కాదు, కానీ ఎవరి ఫిర్యాదైనా తన బల్ల మీద ఒక రోజు కంటే ఎక్కువ ఉండడం ఆయనకు నచ్చదు. నన్ను పిలిచి, ఆమె నీళ్లలోకైనా దిగాలి, పాసైనా వదులుకోవాలి అన్నాడు. వచ్చే సోమవారం కొడుకును పిలిపించి ఆయనే చెప్తానన్నాడు. కాళ్ల కోసం డబ్బు కట్టినవాడికి, కాళ్లు తడవడం లేదని తెలియాలి కదా అన్నాడు.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ రాత్రి డైరీలో ఈ సంగతి రాయాలని కూర్చుని, నేనేమనుకుంటున్నానో నాకే తెలియక, ఎండ గురించి రాసి మూసేశాను.

మర్నాడు ఆమె కాస్ట్యూమ్ తడుపుతుంటే పక్కకు వెళ్లి నిలబడ్డాను. మేనేజర్ అన్న మాట చెప్పాను. నీళ్లు నడుము దాకానే ఉంటాయని, నేను కూడా దిగుతానని, నా చెయ్యి పట్టుకుని నడవచ్చని చెప్పాను. నాకూ ఈత రాదు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

ఆమె కుళాయి కట్టేసింది.

"నాకు నీళ్లంటె బుగులెందుకుంటది పిల్లా. పెండ్లి గాకముందు బాయిల దుంకి ఈతగొట్టినదాన్ని."

"మరి ఎందుకు దిగుత లేవత్తమ్మా?"

ఆమె మూడో క్యూబికిల్ వైపు చూసింది. కాసేపు ఆ తడి బట్టనే మళ్లీ మళ్లీ పిండింది.

"ఆ అర్రకు లోపల్నుంచి గొళ్లెమున్నది గదా," అంది.

అర్ర అంటే మా వైపు గది. ఆమె ఎప్పుడూ చేంజింగ్ రూమ్ అనలేదు. ఎవరు ఏ పేరు పెట్టినా ఆమెకు అది అర్రనే.

ఆ రోజు బల్ల మీద కూర్చుని ఆమె చెప్పింది చాలా మామూలు విషయం. ఇంట్లో తొమ్మిది మంది. రెండు గదులు, ముందొక వసారా. గదుల మధ్య తలుపుల చోట పాత చీరలు కట్టి ఉంటాయి. వీధి తలుపుకు గొళ్లెం ఉంది, కానీ అది అందరికీ. స్నానానికి పెరట్లో రేకులు అడ్డం పెట్టారు, దానికీ చీరే. నీళ్లు పోసుకుంటుంటే ఒకరు సబ్బు అడుగుతారు, ఒకరు అయిందా అంటారు, మనవడు చీర తొలగించుకుని లోపలికి వచ్చేస్తాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. కోడలు ఒక్క మాట ఎదురు చెప్పదు. భర్త చెయ్యి ఎత్తడు. చెప్పుకోవడానికి కష్టమేమీ లేదు కనుక ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు.

"పెండ్లయి అచ్చినకాన్నుంచి నేను లోపల గొళ్లెం వెట్టుకున్న తలుపు లేదు బిడ్డా. ఈడనే సూసిన."

"లోపల ఏం చేస్తవత్తమ్మా?"

"ఏం జెయ్య. గోడకానుకుంట. కాళ్లు సాపుకుంట. ఎవ్వలు పిలువరు." కొంచెం ఆగి, "నువ్వు టక్ టక్ కొడ్తవ్ గని, నువ్వు పిలిచేది నన్ను గాదు గదా. టైముని," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో నేను డైరీ రాసుకునేది వంటింటి గడప మీద. అమ్మ గిన్నెలు కడుగుతూ ఏం రాస్తున్నావని అడుగుతుంటే, ఖర్చులు అని చెప్తూ రాసేదాన్ని. మిగతాది కొలను దగ్గర, టోకెన్ల బల్ల మీద.

"కొడుకుకు చెప్పకుర్రి," అంది ఆమె చివరికి. "వాడు మంచోడు. మోకాళ్ల కోసం పైసల్ గట్టిండు. అమ్మ గొళ్లెం కోసం పోతున్నదంటె వానికి సమజ్ గాదు. ఇంట్ల మనకేం తక్వైందే అంటడు. నేనేం జెప్పాలె?"

సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. నాకు చేతనైంది ఒకటే, ఆ గది నడిచే తీరు తెలుసు. రెండు గంటలకు అందరూ ఒక్కసారి వస్తారు, రెండుంబావు కల్లా నీళ్లలో ఉంటారు. మూడున్నర తర్వాత మళ్లీ ఒక్కసారి బయటికి వస్తారు. మధ్యలో గంట సేపు గది ఖాళీ. ఆమెను రెండుంబావు దాటాక రమ్మన్నాను, మూడింటికి లేవమన్నాను. ఇంకో మాట కూడా అడిగాను. వెళ్లే ముందు ఒక పది నిమిషాలు నిజంగానే నీళ్లలో నడవమన్నాను. అది మోకాళ్ల కోసం, కొడుకు కోసం, మేనేజర్ కోసం. ఆమె ఆలోచించి సరేనంది.

శుక్రవారం ఆమె నీలం కాస్ట్యూమ్‌లో కొలను మెట్లు దిగింది. రెండు అడుగులు నడిచి, చుట్టూ చూసి, ఒక్క మునక వేసి అవతలి గోడ దగ్గర తేలింది. బ్యాంకు మేడమ్ కూతుళ్లు ఈత ఆపేసి చూశారు. కోచ్ మేడమ్ నా వైపు తిరిగి, భయమన్నారు కదా అంది. నేను టోకెన్లు సర్దుకున్నాను. సోమవారం మేనేజర్ ఆమె నడుస్తోందని విని ఆ సంగతి వదిలేశాడు. కొడుకును పిలిపించలేదు.

తర్వాత దాదాపు నెల రోజులు ఆ ఏర్పాటు సాగింది. రెండుంబావుకు గొళ్లెం చప్పుడు. నేను నా బల్ల దగ్గర లైబ్రరీ పుస్తకం టోకెన్ల పళ్లెం కింద పెట్టుకుని చదువుకునేదాన్ని. గదిలో ఇద్దరమే. ఆమె ఉన్నట్టు నాకు తెలుసు, నేను ఉన్నట్టు ఆమెకు తెలుసు. మాటలుండేవి కావు. ఆ ఉద్యోగంలో నాకు బాగా గుర్తున్నది ఆ చప్పుడు లేని గంటే.

జూన్ మొదట్లో ఒక రోజు బ్యాంకు మేడమ్ చిన్న కూతురు మొదటి క్యూబికిల్‌లో ఇరుక్కుపోయింది. తేమకు ప్లైవుడ్ ఉబ్బింది, గొళ్లెం వంగింది. ఆ పాపకు ఎనిమిదేళ్లుంటాయేమో. మొదట నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత చప్పుడు ఆగిపోయింది. ఆ ఆగిపోవడం భరించడం కష్టం. తల్లి తలుపు మీద అరచేతులతో కొడుతూనే ఉంది. చప్రాసీ గునపం తెచ్చి కీళ్ల దగ్గర పెకలించేసరికి పాప గోడకు ఆనుకుని చెమటతో తడిసి ఉంది. గాలి ఆడక సొమ్మసిల్లింది. నీళ్లు చల్లితే లేచింది. ఏమీ కాలేదు. కానీ అయ్యేదే.

మర్నాడు నేను వెళ్లేసరికి మూడు క్యూబికిల్స్‌కూ తలుపులు లేవు. కమ్మీలకు ఆకుపచ్చ పరదాలు వేలాడుతున్నాయి. మేనేజర్ స్వయంగా నిలబడి వేయించాడు. ఇక గొళ్లేలు ఉండవు, పిల్లలున్న చోట లోపలి గొళ్లెం అంటే ఎప్పటికైనా ప్రమాదమే అన్నాడు. ఆయన మాట సబబే. ఆ పాప ముఖం చూసినదాన్ని, నేను కాదనలేను.

రెండుంబావుకు గంగామణి వచ్చింది. మూడో క్యూబికిల్ ముందు ఆగింది. పరదా అంచు రెండు వేళ్లతో పట్టుకుని, మెత్తగా ఉందో గరుకుగా ఉందో చూస్తున్నట్టు రుద్దింది.

"గిదైతే మా ఇంట్ల గూడ ఉన్నది," అంది.

నేను జరిగింది చెప్పాను. పాపకు ఎట్లుంది ఇప్పుడు అని అడిగింది. బాగుందంటే తల ఊపింది. పరదా వెనక్కి వెళ్లలేదు. బల్ల చివర కూర్చుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఒకావిడ టవల్ మరిచిపోయానని వచ్చింది. ఇంకొకావిడ టైమెంతని అడిగింది. గంగామణి ఇద్దరికీ జవాబు చెప్పింది. తర్వాత సంచి భుజానికి తగిలించుకుని లేచింది. జుట్టు తడుపుకోలేదు.

"రేపటి సంది రాను బిడ్డా. మోకాళ్లకు ఘాట్ మెట్లు దిగినా అవుతది," అంది.

నా బల్ల వెనక ఒక చిన్న స్టోర్ ఉండేది. ఈత నేర్చుకునేవాళ్లు పట్టుకునే ఫ్లోట్ బోర్డులు, గుడ్డలు, బకెట్లు అందులో పెట్టేవాళ్లం. దానికి తలుపుంది. గొళ్లెం మాత్రం బయట ఉంది, లోపల లేదు. పైన ఒక చిన్న కిటికీ, వెలుతురూ గాలీ వచ్చేంత. ఎందుకు అలా చేశానో ఇప్పుడు వివరించలేను. తలుపు తీసి, బోర్డులు ఒక పక్కకు నెట్టి, చాప పరిచాను. ఆమె గడప మీద నిలబడి తలుపు లోపలి వైపు చూసింది.

"దీనికి లోపల గొళ్లెం లేదు గదనె," అంది.

"నేను కూసుంట," అన్నాను.

ఆమె లోపలికి వెళ్లింది. నేను తలుపు మూసి, నా స్టూలు జరిపి, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. పుస్తకం తీశాను. ఒక పేజీ కూడా నడవలేదు. వీపుకు తలుపు చెక్క తగులుతోంది. అవతలి వైపు ఆమె కూడా అదే చెక్కకు ఆనుకుందని కొంచెంసేపటికి తెలిసింది.

కోచ్ మేడమ్ ఫ్లోట్ బోర్డుల కోసం తడి కాళ్లతో వచ్చింది. నేను లేవకపోయేసరికి ఆశ్చర్యపోయింది. ఆమె వస్తే నేను ఎప్పుడూ లేచి నిలబడేదాన్ని. తలుపు తియ్యమంది. అప్పటిదాకా ఆ ఉద్యోగంలో నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు.

"ఆత్ కోణీతరీ ఆహే," అన్నాను. లోపల ఒకరున్నారు అని.

స్టోర్‌లో ఎవరుంటారు, అది చేంజింగ్ రూమ్ కాదు కదా అంది ఆమె. ఇప్పుడు ఇదే చేంజింగ్ రూమ్ మేడమ్, కొంచెంసేపు ఆగండి అన్నాను. ఆమె నన్ను చూసింది, మూసిన తలుపును చూసింది, ఖాళీగా వేలాడుతున్న ఆకుపచ్చ పరదాలను చూసింది. కొలను దగ్గరికి తిరిగి వెళ్లి పిల్లలను బోర్డులు లేకుండానే గోడ పట్టుకుని కాళ్లు ఆడించమంది. మర్నాటి నుంచి రెండు గంటలకే బోర్డులన్నీ తనే బయట పెట్టించుకునేది.

వానలు పడేదాకా అలా నడిచింది. తర్వాత కొలను మూసేశారు. తర్వాతి వేసవి నీళ్ల ఎద్దడి వచ్చి అసలు తెరవనేలేదు. నా ఉద్యోగం అంతటితో అయిపోయింది. గంగామణి చివరి రోజు టోకెన్ ఇస్తూ, "పోయొస్త బిడ్డా," అంది.

ఇప్పుడు నేను నాందేడ్‌లోనే ఒక కాలేజీ జింఖానాలో, అంటే ఆటల విభాగం ఆఫీసులో పని చేస్తున్నాను. పోయిన ఏడాది అక్కడ అమ్మాయిలకు కొత్త చేంజింగ్ రూమ్ కట్టారు. ఎవరూ నన్ను అడగలేదు గాని, కాంట్రాక్టర్ తలుపులు బిగిస్తున్న రోజు నేనే వెళ్లి ఒక రకం గొళ్లెం పెట్టమని అడిగాను. అది లోపలి నుంచి పడుతుంది. బయటి వైపు చిన్న గాడి ఉంటుంది, ఏదైనా ఆపద వస్తే రూపాయి బిళ్ల పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. ఆయనకు అది తెలుసు, ధర కొంచెం ఎక్కువని పెట్టలేదట. రెండుసార్లు అడిగితే పెట్టాడు. పిల్ల ఇరుక్కోదు, పిలవనివాళ్లు రారు. ఆ రెండు భయాలకూ ఒకే జవాబు దొరికిందని నాకు తృప్తిగా ఉండేది.

ఈ ఏడాది మాహూర్ జాతర రోజుల్లో బస్టాండ్ దగ్గర గంగామణి కనిపించింది. కొడుకు, కోడలు సామాన్లు ఎక్కిస్తున్నారు. ఆమె చేతికర్ర పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను ముందు ఆమే గుర్తుపట్టింది. ఇల్లు కొత్తగా కట్టుకున్నారట, మూడు గదులట, అన్నింటికీ తలుపులేనట.

"గొళ్లేలు పెట్టిచ్చుకున్నరా మరి?" అని అడిగాను.

"పెట్టిచ్చిండ్రు. నన్నే పెట్టుకోనిస్త లేరు. లోపల పడితె ఎట్ల అంటది కోడలు. తలుపు దగ్గరికెయ్యి గని గొళ్లెం పెట్టకు అత్తమ్మా అంటది." ఆమె నవ్వింది. "అది గూడ నా మంచికే అంటది బిడ్డా. ఏమనాలె?"

నాకు మా కాలేజీ తలుపులు గుర్తొచ్చాయి. ఉత్సాహంగా ఆ గొళ్లెం సంగతి చెప్పాను. లోపల నువ్వు వేసుకోవచ్చు, పడితే వాళ్లు బయటి నుంచి రూపాయితో తెరవచ్చు, నేనే తెచ్చిస్తానన్నాను. ఆమె శ్రద్ధగా విన్నది. గాడి ఎంతుంటుందో వేళ్లతో చూపించమంది. చూపించాను.

"బయట్నుంచి తెరుస్తదంటె అది గొళ్లెం గాదు బిడ్డా," అంది.

బస్సు హారన్ కొట్టింది. కొడుకు వచ్చి చెయ్యి అందించాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని లేచి, రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఎవ్వలన్న బయట కూసోవాలె. నువ్వు కూసున్నవ్ సూడు, గట్ల."

బస్సు వెళ్లిపోయాక నేను కాలేజీకి నడిచాను. కొత్త గది తలుపు తీసి ఆ గొళ్లెం లోపలి నుంచి వేసి చూశాను. సరిగ్గానే పడింది. తీసి బయటికి వచ్చాను. ఆటల పీరియడ్‌కు అమ్మాయిలు వస్తున్నారు. నా కుర్చీ ఆఫీసులోంచి తెచ్చుకుని ఆ తలుపు పక్కన వేసుకున్నాను. అప్పటి నుంచి ఆటలున్న రోజుల్లో అక్కడే కూర్చుంటున్నాను. అది నా పనిలో లేదని హెడ్ క్లర్క్ అంటాడు. నిజమే, లేదు.